ఆగస్టు 15 తర్వాత ఏడేళ్లు: దూరదర్శన్‌కు ఒక బహిరంగ లేఖ

ప్రసార భారతి పెద్దలకు, దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి కేంద్రాల కార్యక్రమ నిర్మాతలకు,

నమస్కారం.

నేరుగా విషయానికి వస్తాను. తెలుగు నేల మీద వలస పాలన ఎలా ముగిసిందో చూపించే డాక్యుమెంటరీ సిరీస్ ఒకటి మీరు తియ్యాలి. దానికి నడిమధ్యలో యానాం ఉండాలి. ఆ రోజుల్ని కళ్లారా చూసినవాళ్లలో మిగిలి ఉన్న కొద్దిమందినీ వెంటనే కెమెరా ముందు కూర్చోబెట్టాలి. స్క్రిప్టు, టైటిల్ సంగీతం, ఏ రోజు ఎన్ని గంటలకు వేయాలి అన్నవి తర్వాత చూసుకోవచ్చు. ఈ ఉత్తరం అంతా ఆ ఒక్క విన్నపం కోసమే.

2022లో మీరు ‘స్వరాజ్’ ధారావాహిక తెచ్చారు. 75 భాగాలు. వాస్కో డ గామా రాకతో మొదలుపెట్టి స్వాతంత్ర్యం దాకా నడిపించారు, తెలుగులోకి డబ్ చేసి చూపించారు. మా ఇంట్లో పిల్లలతో కూర్చుని చూశాం. తెలియని పేర్లు చాలా తెలిశాయి, అందుకు మీకు కృతజ్ఞతలు. అయితే అందులో మాట్లాడింది నటులు. వాళ్లు ఎంత బాగా చేసినా ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు కారు కదా. మన దగ్గర ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్లను ఎవరూ అడగడం లేదన్నదే నా బాధ.

1947 ఆగస్టు 15న కాకినాడలో మన జెండా ఎగిరింది. అక్కడికి ముప్ఫై కిలోమీటర్ల లోపే ఉన్న యానాంలో మాత్రం ఫ్రాన్సు జెండా అలాగే ఉండిపోయింది. అది ఒక రోజో ఒక నెలో కాదు, దాదాపు ఏడేళ్లు. గౌతమి గోదావరి ఒడ్డున 30 చదరపు కిలోమీటర్ల నేల, చుట్టూ మన ఊళ్లే, మాట్లాడేది మన గోదావరి యాసే. కనకాలపేటలో ఆడపిల్లను ఇచ్చినవాళ్లు తాళ్లరేవులో ఉంటారు, దరియాలతిప్పలో వలేసేవాడి అన్నదమ్ములు ఎదుర్లంకలో ఉంటారు. అలాంటి చోట ఒక గట్టుకు ఇవతల స్వతంత్ర భారతం, అవతల ఫ్రెంచి ఇండియా. మన పాఠ్యపుస్తకాలు దీనికి ఒక్క వాక్యం కేటాయిస్తాయి. టీవీ ఆ ఒక్క వాక్యం కూడా కేటాయించలేదు.

వలస పాలన ఢిల్లీలో ఒక అర్ధరాత్రి ముగిసిందని మన పిల్లలకు తెలుసు. అసలు అది దఫదఫాలుగా ముగిసింది. ఇప్పటికీ మచిలీపట్నంలో పరాసుపేట ఉంది. ఫ్రెంచివాళ్లను మనవాళ్లు పరాసులు అనేవారు, ఆ పేటకు పేరు వాళ్ల వల్లే వచ్చింది. బందరులో ఉన్న ఆ చిన్న ఫ్రెంచి స్థావరాన్ని, సూరత్, కోళికోడ్‌లలో ఉన్న వాటితో కలిపి, 1947 అక్టోబరులో ఫ్రాన్సు మనకు అప్పగించింది. అంటే బందరు ఊళ్లో ఒక ముక్కకు స్వాతంత్ర్యం రెండు నెలలు ఆలస్యంగా వచ్చింది. బందరులో పుట్టి పెరిగినవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

బెంగాల్‌లోని చందర్‌నగర్‌లో 1949 జూన్ 19న ఓటింగ్ పెట్టారు. భారత్‌లో కలవడానికి 7,473 మంది, ఫ్రాన్సుతో ఉండడానికి 114 మంది ఓటేశారు. మర్నాటి ఏడాది మే 2న ఆ ఊరు మన చేతికొచ్చింది. ఫ్రాన్సు రాజ్యాంగం ప్రకారం అక్కడి జనం ఒప్పుకోకుండా ఏ భూభాగాన్నీ వదులుకోకూడదు, అందుకే ఆ ఓటింగ్. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంలలోనూ అలాంటి ఓటింగే జరగాలని 1948లోనే రెండు ప్రభుత్వాలూ అనుకున్నాయి. చందర్‌నగర్ ఫలితం చూశాక మిగతా నాలుగు చోట్ల అది ముందుకు కదల్లేదు. ఈలోగా 1949 ఏప్రిల్ నుంచి మన ప్రభుత్వం ఆ ఊళ్ల చుట్టూ కస్టమ్స్ నాకాలు పెట్టింది. అంటే యానాం సంతకు వెళ్లి గుడ్డ కొనుక్కునే మనిషి తిరిగొచ్చేటప్పుడు సంచి విప్పి చూపించాలి. యానాం మంగళవారం సంత అప్పట్లో జిల్లా అంతటా పేరున్న సంత. విదేశీ సరుకు దొరికేది, దొంగసరుకూ దొరికేది. ఆ నాకాల దగ్గర ఏం జరిగేదో, ఎవరు ఏం దాచి తెచ్చేవారో, ఎవరు చూసీ చూడనట్టు వదిలేసేవారో ఏ ప్రభుత్వ ఫైల్లోనూ దొరకదు. ఎనభై దాటిన ఓ మత్స్యకారుణ్ణి అడిగితే గంటసేపు చెబుతాడు.

ఇక 1954 జూన్ 13 సంగతి. దడాల రఫేల్ రమణయ్య గారు ఒకప్పుడు ఫ్రెంచి పోలీసు శాఖలోనే పనిచేసిన మనిషి, పుట్టిందీ యానాం ప్రాంతంలోనే. ఆయన నాయకత్వంలో ఉద్యమకారులు ఆ రోజు యానాంలోకి వచ్చి పాలనను చేతిలోకి తీసుకున్నారు, మన జెండా ఎగరేశారు. పుదుచ్చేరి, కారైకాల్, మాహే కంటే ముందే ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది తెలుగువాళ్ల యానామే. మాహేలో ఐ.కె. కుమారన్ నాయకత్వంలో అది జరిగింది నెల తర్వాత, జూలై 16న. ఫ్రెంచి కథనాల్లో యానాం ఘటనకు ‘కు దెతా’ అనే పేరుంది, అంటే వాళ్ల లెక్కలో అది బలవంతంగా అధికారం లాక్కోవడం. మన కథనాల్లో అది విమోచన. ఈ రెండు కథనాల మధ్య ఆ ఉదయం ఊళ్లో వీధిలో నిలబడి చూసిన పిల్లవాడికి ఏం కనిపించింది? కాల్పుల శబ్దం విన్నాడా, పరుగులు చూశాడా, ఇంట్లో తలుపులు వేసుకున్నారా, సాయంత్రానికి సంబరం జరిగిందా? 1954లో పన్నెండేళ్లున్న ఆ పిల్లవాడికి ఇప్పుడు ఎనభై దాటాయి.

ఆ తేదీ గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే ఇదొక్కటి చాలు మీకు ఒక భాగం మొత్తం తియ్యడానికి. 1954 మే 7న వియత్నాంలోని దియన్ బియన్ ఫూలో ఫ్రెంచి సైన్యం ఓడిపోయింది. జూన్ 12న పారిస్‌లో పార్లమెంటు లానియెల్ ప్రభుత్వం మీద విశ్వాసం లేదని తేల్చేసింది. ఆ మర్నాడే యానాం. కొత్త ప్రధాని మాండెస్ ఫ్రాన్స్ బాధ్యతలు తీసుకునేటప్పటికి ఇంకో నాలుగైదు రోజులు పట్టింది. అంటే మన గోదావరి గట్టు మీద ఫ్రెంచి జెండా దిగిన రోజు పారిస్‌లో నిర్ణయం తీసుకునే నాథుడు లేడు. ఉద్యమకారులకు ఆ సంగతి తెలిసే ఆ రోజు ఎంచుకున్నారో, కాకతాళీయంగా జరిగిందో అడగాల్సిన ప్రశ్న. వియత్నాంలో ఫ్రెంచి సైన్యంలోనూ, కొలువుల్లోనూ పుదుచ్చేరి ప్రాంతం నుంచి వెళ్లినవాళ్లు ఉండేవారు. అక్కడి ఓటమి వార్త ఇక్కడి ఇళ్లలోకి ఎలా చేరిందో చూపిస్తే, ప్రపంచ చరిత్ర మన ఊరి అరుగు మీదికి వచ్చి కూర్చుంటుంది.

ఆ తర్వాత జరిగినవి చప్పున చెబుతాను. 1954 అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరు అనే పల్లెలో ఎన్నికైన ప్రతినిధులు 178 మంది చేరి ఓటేశారు. 170 మంది విలీనానికి, 8 మంది వ్యతిరేకంగా. నవంబరు 1న పాలన మన చేతికొచ్చింది. 1956 మే 28న ఢిల్లీలో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. కానీ ఫ్రాన్సు దాన్ని ఆమోదించి పత్రాలు మార్చుకునేటప్పటికి 1962 ఆగస్టు 16 వచ్చింది. అల్జీరియాలో యుద్ధం సాగినంత కాలం ఇంకో నేలను వదులుకుంటున్నామని సొంత జనానికి చెప్పడం పారిస్ పాలకులకు కష్టమైంది. అల్జీరియా స్వతంత్రమైన మర్నెలలో మన పని పూర్తయింది. ఆ లెక్కన చట్టం దృష్టిలో యానాం భారతదేశమైంది 1962లో. గోవా మన సైన్యం వెళ్లి 1961 డిసెంబరు 19న విడిపించింది. చట్టం ప్రకారం చూస్తే యానాం గోవా కంటే కూడా వెనక! పుదుచ్చేరి ప్రభుత్వం ఆగస్టు 16నీ, నవంబరు 1నీ సెలవులుగా జరుపుతుంది. యానాం దాటి ఇవతలికి వస్తే ఆ రెండు రోజులూ ఎందుకు ముఖ్యమో అడిగితే చెప్పేవాళ్లు కనిపించరు.

ఇలాంటి సిరీస్ ఎలా తియ్యాలో కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. 1985లో బ్రిటన్‌లో గ్రనడా టెలివిజన్ సంస్థ ‘ఎండ్ ఆఫ్ ఎంపైర్’ అని 14 భాగాల డాక్యుమెంటరీ తీసింది. చానల్ 4లో ప్రసారమైంది. భారత్, పాలస్తీనా, మలయా, సైప్రస్, కెన్యా, ఘనాగా మారిన గోల్డ్ కోస్ట్ లాంటి చోట్ల బ్రిటిష్ అధికారం ఎలా ముగిసిందో చెప్పింది. అందులో నన్ను కట్టిపడేసింది ఒకటే: పాలించిన అధికారులనూ అడిగారు, వాళ్ల మీద తిరగబడ్డవాళ్లనూ అడిగారు. ఒకే రాత్రి గురించి రెండువైపులవాళ్లూ చెబుతుంటే చూసేవాడే తూకం వేసుకుంటాడు. ఆ ఇంటర్వ్యూల రాతప్రతులను తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో లైబ్రరీకి అప్పగించారు. ప్రసారమైంది గంటలో అయిదు నిమిషాలే కావచ్చు, మిగతా యాభై అయిదు నిమిషాలూ పరిశోధకులకు ఉండిపోయాయి. వాళ్లలో చాలామంది ఈపాటికి పోయి ఉంటారు, వాళ్లు చెప్పింది మాత్రం ఉంది. మీరు కూడా ఇంటర్వ్యూలు మొత్తం మొత్తంగా దాచాలి, రాయించాలి, అందరికీ అందుబాటులో పెట్టాలి. ఎడిట్ చేశాక మిగిలిన ఫుటేజీ ఏ బీరువాలోనో పడేసి, పదేళ్ల తర్వాత టేపులు పాడైపోయాయని చెప్పే పరిస్థితి ఈసారి రాకూడదు.

మనుషులు చెప్పేదానికి అంత విలువేమిటి, కాగితాలున్నాయి కదా అనేవాళ్లుంటారు. కెన్యా సంగతి చూడండి. బ్రిటిష్ పాలన మీద జరిగిన మౌ మౌ పోరాటం రోజుల్లో నిర్బంధ శిబిరాల్లో తమను చిత్రహింసలు పెట్టారని ముసలివాళ్లయిన కెన్యా పౌరులు 2009లో లండన్ కోర్టుకు ఎక్కారు. ఆ కేసు నడుస్తుండగానే, 2011లో, కెన్యా నుంచి తెచ్చి దాచిన దాదాపు 1,500 ఫైళ్లు తమ దగ్గరే ఉన్నాయని బ్రిటన్ విదేశాంగ శాఖ ఒప్పుకుంది. హాన్‌స్లోప్ పార్క్ అనే చోట పెట్టి అర్ధ శతాబ్దం పాటు ఎవరికీ చెప్పలేదు. 2013లో బ్రిటన్ ప్రభుత్వం పార్లమెంటులో విచారం ప్రకటించి, 5,228 మందికి మొత్తం 1 కోటి 99 లక్షల పౌండ్ల పరిహారానికి ఒప్పుకుంది. ఆ ఫైళ్లను చీకట్లోంచి బయటికి లాగింది ఆ ముసలివాళ్ల నోటి మాట. పాలించినవాళ్లు వెళ్లేటప్పుడు కాగితాలు సర్దుకుని పోతారు. ఇక్కడ ఉండిపోయినవాళ్లకు తెలిసింది వాళ్లు ఉన్నంతకాలమే ఉంటుంది.

యానాం కథ తీస్తే దాన్ని మొత్తం వీరగాథగా తియ్యొద్దని కూడా వేడుకుంటున్నాను. మా నాయనమ్మ పెళ్లి యానాంలో అయింది. ఆవిడ పుట్టిల్లు రామచంద్రపురం దగ్గర పల్లె. శారదా చట్టం 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చి పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేస్తే నేరమైంది. అది బ్రిటిష్ ఇండియాలో. ఫ్రెంచి యానాంలో ఆ చట్టం లేదు. అంచేత జిల్లా నలుమూలల నుంచీ పిల్లల్ని తీసుకుని పెద్దలు యానాం దారి పట్టారు. నాయనమ్మకు అప్పటికి తొమ్మిదేళ్లు. పడవలో వెళ్లారు. తెల్లవారుజాము ముహూర్తం, ఆవిడ నిద్రలో ఉంటే మేనమామ భుజాన వేసుకొచ్చి పీటల మీద కూర్చోబెట్టాడు. అదే పందిట్లో ఇంకో రెండు జంటలు. పురోహితుడు ఒకాయనే. ఒక జంట చేత మంత్రం చెప్పించి పక్క జంట దగ్గరికి జరుగుతున్నాడట. తలంబ్రాల బియ్యం కంట్లో పడి ఏడిస్తే, పెళ్లికూతురు ఏడవడం శుభమని ఎవరో అన్నారు. తిరుగు ప్రయాణంలో పడవలో మళ్లీ నిద్ర పట్టిందని, లేచేసరికి మెడలో తాడు గుచ్చుకుంటోందని చెప్పేది. ఆవిడకు ఫ్రాన్సు అంటే ఏమిటో తెలియదు. ఆ రాత్రి రెండు సామ్రాజ్యాల సరిహద్దు దాటి వచ్చానని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

ఆవిడ ఇప్పుడు లేదు, ఆవిడ మాట రికార్డు కూడా కాలేదు. ఆ కాలంలో యానాంలో పెళ్లిపీటల మీద కూర్చున్న పిల్లలు వేలల్లో ఉంటారేమో, వాళ్ల కూతుళ్లు, కోడళ్లు ఇంకా ఉన్నారు. అమ్మల నోట విన్న సంగతులు వాళ్లకు గుర్తున్నాయి. వలస పాలన అంటే గవర్నర్లు, ఒప్పందాలు, జెండాలు అనుకుంటాం. చట్టం ఒక గట్టు దగ్గర ఆగిపోవడం వల్ల ఎవరి బాల్యం ఎక్కడ తెగిపోయిందో కూడా ఆ కథలో రావాలి. ఆ పెళ్లిళ్లు చేయించింది ఫ్రెంచివాళ్లు కారు, మన పెద్దలే. ఈ మాట మొహమాటం లేకుండా చెప్పే ధైర్యం ప్రభుత్వ టీవీకి ఉండాలి.

అలాగే ఫ్రెంచి పాలనే ఉండాలని కోరుకున్నవాళ్లు. వాళ్లు యానాంలోనూ ఉన్నారు, పుదుచ్చేరిలోనూ ఉన్నారు. వాళ్లందరినీ దేశద్రోహులుగా చూపిస్తే సగం కథ పోతుంది. యానాంకు 1880 నుంచే మున్సిపాలిటీ ఉంది. ఫ్రెంచి ఇండియా నుంచి పారిస్ పార్లమెంటుకు ప్రతినిధిని పంపేవారు. ఆ ఓట్లు ఎంత స్వేచ్ఛగా పడేవన్నది వేరే చర్చ, ఎన్నికల్లో అక్రమాలకు కొదవలేదు. అయినా ఓటు అనేది ఒకటి ఉండేది. ఫ్రెంచి కొలువు, ఫ్రెంచి పింఛను, దొంగసరుకు మీద వచ్చే ఆదాయం, పిల్లలకు ఫ్రెంచి చదువు, వీటి మీద ఆధారపడ్డ కుటుంబాలకు విలీనం అంటే భయం ఉండడం సహజం. 1962 తర్వాత ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా ఫ్రెంచి పౌరసత్వం కోరుకునే వీలు ఒప్పందంలోనే ఉంది. కొందరు కోరుకున్నారు. వాళ్ల వారసులు ఇప్పటికీ పుదుచ్చేరి నుంచి ఫ్రాన్సు ఎన్నికల్లో ఓటేస్తారు. ఒకే ఇంట్లో అన్న భారత పౌరుడు, తమ్ముడు ఫ్రెంచి పౌరుడు అయిన సందర్భాలున్నాయి. ఆ ఇంట్లో ఆ ఆరు నెలలూ ఎలాంటి మాటలు నడిచాయో, అమ్మ ఎటువైపు ఉందో, ఆ టెన్షన్ ఎలా గడిచిందో వాళ్లు చెబితే వినాలని ఉంది.

కనకాలపేటలో నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉండేవారు. చిన్నప్పుడు బడిలో ఫ్రెంచి జాతీయ గీతం పాడించేవారని, అర్థం తెలియకపోయినా గొంతెత్తి పాడేవాళ్లమని చెప్పేవారు. జూలై 14న ఫ్రెంచి జాతీయ దినోత్సవానికి పిల్లలకు మిఠాయి పంచేవారట. 1954లో జూలై 14 వచ్చింది, మిఠాయి రాలేదు. ‘జెండా మారిందని నాకు ఆ రోజు అర్థమైందండీ’ అనేవారు. అడగ్గానే ఆ పాట మొదటి రెండు చరణాలు పాడేవారు, కళ్లు మూసుకుని, చేత్తో తాళం వేస్తూ, గోదావరి యాసలో ఫ్రెంచి. పుట్టిన తేదీ కాగితం ఫ్రెంచిలోనే ఉండేది, ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకున్నారు. దాన్ని చూపించి పింఛను దరఖాస్తు చేసుకుంటే ఓ గుమస్తా ఇదేం భాష అని తిప్పి పంపేశాడట. పోయినేడాది ఆయన పోయారు. ఆయన గొంతు ఎవరి దగ్గరా లేదు. మీ కెమెరా ఒక్క పూట ఆ ఊరు వచ్చి ఉంటే ఉండేది.

అందుకే ముందు ఇంటర్వ్యూలు అంటున్నాను. యానాంలో మున్సిపాలిటీ దగ్గర, చర్చి దగ్గర, మత్స్యకారుల పేటల్లో, పాత ఉపాధ్యాయుల ద్వారా వాకబు చేస్తే నెల తిరక్కుండా పేర్లు వస్తాయి. స్టూడియోకి పిలిపించొద్దు. వాళ్ల అరుగు మీద, వాళ్ల యాసలో, తొందర పెట్టకుండా మాట్లాడించండి. పుస్తక భాషలోకి సరిదిద్దొద్దు, మీద వ్యాఖ్యాత గొంతు వేసి వాళ్లను మింగెయ్యొద్దు. ఆడవాళ్లను విడిగా అడగండి, ఎదురుగా మగవాళ్లు కూర్చుంటే సగం సంగతులు రావు. ఇవతలి ఒడ్డున ఉన్నవాళ్లనూ అడగాలి: నాకాల్లో పనిచేసిన కస్టమ్స్ వాళ్లు, పోలీసులు, వాళ్ల పిల్లలు. యానాంలో ఉద్యమకారులకు ఇవతలి ఊళ్లు ఎలా ఆశ్రయమిచ్చాయో వాళ్లు చెప్పాలి.

కాగితాలకు కొరత లేదు. పుదుచ్చేరిలో జాతీయ అభిలేఖాగారం రికార్డు కేంద్రం ఉంది. వలసల పత్రాలను ఫ్రాన్సు ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో దాచింది. అక్కడి జాతీయ ఆడియోవిజువల్ సంస్థ దగ్గర పాత న్యూస్ రీళ్లుంటాయి. ఫ్రెంచి ప్రభుత్వంతో మన ప్రభుత్వానికి ఇప్పుడు మంచి సంబంధాలున్నాయి, అధికారికంగా మీరు అడిగితే కాదనరు. ఏ ప్రైవేటు యూట్యూబ్ కుర్రాడో అడిగితే అయ్యే పని కాదది. ఈ పని దూరదర్శన్‌దే అనడానికి ఇదొక కారణం. ఇంకో కారణం, ప్రకటనల రేటింగ్ కోసం పరుగెత్తనక్కర్లేని చానల్ తెలుగులో మీదొక్కటే. మాహేకు మలయాళంలో, కారైకాల్‌కు తమిళంలో మీ సోదర కేంద్రాలున్నాయి. యానాం ఇంటర్వ్యూలకు ఆ భాషల్లో సబ్‌టైటిల్స్ వేసి, అక్కడివి మనకు తెచ్చి చూపిస్తే, ఒకే పాలన కింద నాలుగు ఊళ్లు, మూడు భాషలు ఒకదాన్నొకటి మొదటిసారి చూసుకుంటాయి.

సిరీస్‌లో యానాం ఒక్కటే ఉండాలని పట్టుబట్టడం లేదు. బర్మా మీద ఒక భాగం తప్పకుండా ఉండాలి. రంగూన్ రేవులో మోతకూలీల్లో ఎక్కువమంది తెలుగువాళ్లే. 1930 మేలో వాళ్లు సమ్మె చేస్తే బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె ముగిసి వీళ్లను తిరిగి పనిలోకి తీసుకోగానే అల్లర్లు చెలరేగి రేవులోనూ వీధుల్లోనూ మనవాళ్లు చచ్చిపోయారు. 1942లో జపాన్ సైన్యం వస్తుంటే కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చినవాళ్లలో మన ఉత్తరాంధ్ర, గోదావరి కుటుంబాలున్నాయి. 1960ల్లో అక్కడ దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక మిగిలినవాళ్లూ ఓడల్లో దిగారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు అందువల్లే ఉంది. అక్కడ ఇప్పటికీ బర్మాలో పుట్టిన పెద్దవాళ్లున్నారు. బ్రిటిష్ సామ్రాజ్యం వీళ్లను కూలీలుగా అక్కడికి చేర్చింది, అది పోయేసరికి వీళ్లు ఎవరికీ కాకుండా పోయారు. జెండా ఎగిరిన చోట సంబరం చూపిస్తారు సరే, జెండా మారడం వల్ల ఇల్లు పోయినవాళ్ల మాటా వినాలి.

మీ కార్యాలయాల్లో ఇలాంటి ప్రతిపాదనలు ఎలా నడుస్తాయో కొంత తెలుసు. ఫైలు ఢిల్లీ వెళ్లాలి, బడ్జెట్ సంవత్సరం మారాలి, కమిటీ కూర్చోవాలి. సిరీస్‌కు అవన్నీ పట్టనివ్వండి, రెండేళ్లు పట్టినా సరే. ఇంటర్వ్యూలకు మాత్రం అంత వ్యవధి లేదు. అందుకు కావలసింది ఒక కెమెరా, ఒక మంచి మైకు, ఓపికగా వినే ఇద్దరు మనుషులు, విజయవాడ నుంచి యానాంకు ఒక జీపు. ఈ ఖర్చు మీ ప్రాంతీయ కేంద్రం స్థాయిలోనే తేలిపోతుంది. చిత్రీకరించిన వెంటనే ఆ ఫుటేజీకి ఒక కాపీ జాతీయ అభిలేఖాగారానికి, ఒకటి పుదుచ్చేరి ప్రభుత్వానికి ఇచ్చి, ఇంకోటి మీ యూట్యూబ్ చానల్లో ఎడిట్ చేయకుండా పెట్టండి. సిరీస్ ఎప్పుడొచ్చినా వస్తుంది.

పెద్దవాళ్ల పేర్లు, ఊళ్లు, ఎవరికి ఏ సంగతి గుర్తుందో రాసిన జాబితా నాలాంటివాళ్లం కొందరం తయారుచేస్తున్నాం. వాళ్ల అనుమతితోనే ఇస్తాం. మీ కేంద్రం నుంచి ఎవరైనా వస్తే యానాంలో దగ్గరుండి తీసుకెళ్తాం. ఎండలు ముదరకముందు వస్తే మంచిది, ఆ వయసువాళ్లు పొద్దున ఎనిమిదింటి లోపే హుషారుగా మాట్లాడతారు. వచ్చే జూన్ 13 లోపు మొదటి విడత రికార్డింగ్ పూర్తవ్వాలని మా కోరిక. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
దూరదర్శన్ చూస్తూ పెరిగిన ఒక గోదావరి జిల్లా ప్రేక్షకుడు,
కాకినాడ